సమకాలీన ఫొటోగ్రాఫర్ల పని మీద స్పందన రాయాలి: 'బాగుంది' దాటి ఏం రాయాలి?

వెలుగునీడ
బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం. ఆరుగురు సమకాలీన ఫొటోగ్రాఫర్లను ఎంచుకుని, ఒక్కొక్కరి మీద రెండేసి పేజీల సొంత స్పందన రాయాలి. వాళ్ల పద్ధతిని పట్టుకుని నాలుగేసి ఫొటోలు కూడా తీసి జత చేయాలి. ఎక్కడ పుట్టారు, ఏ అవార్డులొచ్చాయి అని నింపితే మార్కులు పడవు. ఇప్పటికి రాసుకున్నవి ఇవి:

రినెకె డైక్‌స్ట్రా, బీచ్ పోర్ట్రెయిట్లు (1992–94): పిల్లలు బిడియంగా నిలబడ్డారు, అయినా ఏదో రాజసం ఉంది. ఎందుకో తెలియట్లేదు.
రింకో కవావుచి, 'ఉతతనె' (2001): లేత రంగులు. చూస్తుంటే హాయిగా ఉంది.
ఉటా బార్త్, 'గ్రౌండ్': ఫోకస్ తప్పిన ఫొటోలు. చిరాకు.
ఆండ్రియాస్ గుర్‌స్కీ, 'రైన్ 2' (1999): జర్మనీలోని రైన్ నది. ఆకుపచ్చ పట్టీలు, బూడిదరంగు పట్టీలు. వేలంలో 43 లక్షల డాలర్లు పలికిందంటే నమ్మబుద్ధి కాలేదు.
దయానితా సింగ్: బాగుంది. అంతకు మించి మాట రావట్లేదు.
గౌరీ గిల్: మాస్కుల ఫొటోలు భలే ఉన్నాయి.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) బాడీ, 18–55 మి.మీ., 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సులు, గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం కొలత) 36 ఉన్న ఫ్లాష్, మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టాప్‌డౌన్
'ఎందుకో తెలియట్లేదు' అన్నారు చూడండి, అక్కడే. ఆ 'ఎందుకు'కి జవాబు సగం ఫొటోలోనే కొలవచ్చు.

డైక్‌స్ట్రా ఫొటో ఒకటి ముందు పెట్టుకుని సముద్రపు గీత మనిషి ఒంటి మీద ఎక్కడ తగులుతోందో చూడండి. చదునైన చోట దిగంతం ఎప్పుడూ లెన్స్ ఎత్తులోనే ఉంటుంది. గీత తొడ దగ్గర తగిలితే లెన్స్ కూడా తొడ ఎత్తులో ఉన్నట్టే. ఈ సిరీస్‌లో కెమెరా కిందుగానే ఉంటుంది. అందుకే నడుము నుంచి తల దాకా వెనక ఆకాశం తప్ప ఇంకేం ఉండదు. పదమూడేళ్ల పిల్లకు విగ్రహం పీఠం మీద నిలబడ్డ ఎత్తు వచ్చేది అందువల్లే. మీరు చెప్పిన రాజసం అదే. బిడియం చేతుల్లో, పాదాల్లో ఉంది. రాజసం కెమెరా ఎత్తులో ఉంది. రెండూ ఒకే ఫ్రేములో పడ్డాయి కాబట్టే ఆ ఫొటో కదిలిస్తోంది. ఇదే రాయండి, సగం పేజీ నిండుతుంది.

ఆమె వాడింది 4×5 అంగుళాల ఫిల్ము కెమెరా, మామూలు లెన్స్, ట్రైపాడ్, ఫిల్ ఫ్లాష్ (నీడలను నింపడానికి కొట్టే కొద్దిపాటి ఫ్లాష్). మీ క్రాప్ బాడీ మీద 28–30 మి.మీ. దగ్గర పెట్టి, నిలువుగా పట్టుకుని, 3 మీటర్ల దూరంలో నిలబడితే దాదాపు అదే వ్యాప్తి వస్తుంది. తర్వాత 4:5కి క్రాప్ చేయండి.

వెలుతురు: ముందు ఆకాశాన్ని మీటర్ చేసి ఒక స్టాప్ తగ్గించండి (అంటే వెలుగు సగానికి). షట్టర్ సింక్ స్పీడు (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ వేగం) దాటకూడదు, చాలా బాడీల్లో అది 1/200 సెకను. దాటితే ఫ్రేములో నల్ల పట్టీ పడుతుంది. హైస్పీడ్ సింక్ పెడితే పట్టీ పోతుంది గానీ ఫ్లాష్ బలం కూడా పోతుంది. ఐఎస్ఓ 200, ఎఫ్/8, 3 మీటర్లకు లెక్క ప్రకారం 1/8 పవర్ ఫిల్‌కి చాలాలి. కానీ పెట్టె మీద రాసిన గైడ్ నంబర్ సాధారణంగా జూమ్ హెడ్ (వెలుగును ఇరుకుగానో వెడల్పుగానో పంపే ఫ్లాష్ తల) 105 దగ్గరది. హెడ్ 28కి తెచ్చారంటే ఒక స్టాప్‌కు పైగా పడిపోతుంది. అందుకే 1/4తో మొదలుపెట్టి, ముఖం మీద జిడ్డు మెరుపు కనిపిస్తే తగ్గించుకుంటూ రండి.

ఉప్పుగాలి
డైక్‌స్ట్రా పద్ధతిని విశాఖలోనో కాకినాడలోనో చేసేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. మన తీరం తూర్పు వైపు. సముద్రం వెనక పెట్టి పొద్దున తీస్తే సూర్యుడు మనిషి వెనక ఉంటాడు, ముఖం పూర్తిగా నీడలో పడుతుంది. 1/4 కాదు, ఫుల్ పవర్ కొట్టినా సరిపోదు, ఆకాశం తెల్లగా కాలిపోతుంది. సాయంత్రం అయితే సూర్యుడు ఊరి వైపు, అంటే మీ వీపు వెనక ఉంటాడు. మరీ ముందుగా వెళ్తే కళ్లు చికిలిస్తారు, మీ నీడ ఫ్రేములోకి వస్తుంది. సూర్యుడు భవనాల వెనక్కి వెళ్లాక, ఆకాశంలో ఇంకా వెలుగున్నప్పుడు పని మొదలుపెట్టండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా నయం.

ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో మెల్లగా దిగబడతాయి. నాలుగు ఫ్రేముల తర్వాత దిగంతం వాలిపోయి ఉంటుంది. కాళ్ల కింద మూడు పాత సీసా మూతలు పెట్టండి. ఉప్పు తుంపర లెన్స్ మీద పడితే పొడి గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు బ్లోయర్, తర్వాత కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్.

పాతరోలు
కవావుచి దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. లేత రంగులంటే ఓవర్ ఎక్స్‌పోజ్ చేస్తే వచ్చేస్తాయనుకుంటారు. ఆమె పని చాలావరకు రోలీఫ్లెక్స్ ఫిల్ము కెమెరాతో, 6×6 సెం.మీ. కలర్ నెగెటివ్ మీద. కలర్ నెగెటివ్‌కు వెలుగు ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా హైలైట్లు (బాగా వెలుగున్న చోట్లు) విరగవు, మెత్తబడతాయి. డిజిటల్ సెన్సర్ తీరే వేరు, అంచు దాటిన వెలుగు మొత్తం తెల్ల మచ్చయిపోతుంది, వెనక్కి రాదు.

కాబట్టి డిజిటల్‌లో తలకిందులుగా చేయాలి. రా ఫైలుగా తీయండి (జేపెగ్ కాదు), హైలైట్ విరగకుండా ఎక్స్‌పోజ్ చేయండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ 1 నుంచి 1.5 స్టాపులు పెంచి, హైలైట్ స్లైడర్ కిందికి లాగి, కర్వ్‌లో నల్ల చివరను కొద్దిగా పైకెత్తండి. సాచురేషన్ తగ్గించకండి, ఎక్కువమంది చేసే తప్పు అదే. లేతదనం వెలుగు నుంచి రావాలి. రంగు పిండేస్తే ఉతికి ఉతికి వెలిసిన చీరలా తేలుతుంది.

ఫిల్ములో చేసేట్టయితే ఐఎస్ఓ 400 కలర్ నెగెటివ్‌ను 200 అనుకుని మీటర్ చేసి, ల్యాబ్‌లో మామూలు డెవలప్ అడగండి. పుల్ (డెవలప్ సమయం తగ్గించడం) చేయమనొద్దు. 120 రోల్‌కు 6×6లో 12 ఫ్రేములే. స్కాన్ చేసేవాళ్లు ఆటో కాంట్రాస్ట్ పెట్టారంటే మీరు కష్టపడ్డదంతా పోయినట్టే, 'ఫ్లాట్ స్కాన్ ఇవ్వండి' అని ముందే చెప్పండి.

రాయడానికి మాత్రం ఒక్కొక్క ఫొటో పట్టుకోకండి. ఆమె పుస్తకంలో ఎదురెదురు పేజీలు చూడండి. ఒక గుండ్రటి వస్తువు పక్కన ఇంకో గుండ్రటిది, పుట్టుక పక్కన చావు. 'హాయిగా ఉంది' అన్నారు గదా, పక్క పేజీ మూసి ఒకటే చూడండి, ఆ హాయి ఎంత మిగులుతుందో.

గళ్లతెర
బార్త్ మీద 'చిరాకు' అని రాసుకున్నారు, ఆ మాట కొట్టేయకండి. ఆరింటిలో నిజాయితీగా ఉన్నది అదొక్కటే.

ఫోకస్ తప్పలేదు. ముందు ఎవరో నిలబడాల్సిన చోట ఫోకస్ పెట్టారు, అక్కడ ఎవరూ లేరు. మనిషిని తీసేసిన పోర్ట్రెయిట్ అది, మిగిలింది బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే. మీకు చిరాకు వచ్చిందంటే మీ కన్ను ఆ ఖాళీలో మనిషిని వెతుక్కుందని అర్థం.

చేసి చూడండి: 50 లెన్స్, మాన్యువల్ ఫోకస్, 60 సెంటీమీటర్ల దగ్గర టేపుతో కొలిచి రింగు కదలకుండా సెలోటేప్ అంటించండి. వెనక గోడ 4 మీటర్ల దూరంలో. ఎఫ్/1.8లో ఒక్కో వెలుగు చుక్క ఫ్రేము వెడల్పులో దాదాపు తొమ్మిది శాతం దాకా విచ్చుకుంటుంది, అంటే గది గుర్తు పట్టలేం. ఎఫ్/4కి తెస్తే అందులో సగం కన్నా తక్కువ. కిటికీ కిటికీ అని తెలియాలి, గ్రిల్లు డిజైను తెలియకూడదు. ఆ మధ్య చోటు ఎఫ్/2.8–ఎఫ్/4లో దొరుకుతుంది.

ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ పనికిరాదు. ముందు మనిషి లేకపోతే దేన్ని కత్తిరించాలో సాఫ్ట్‌వేర్‌కు తెలీదు. ప్రో మోడ్‌లో ఫోకస్‌ను 10 సెంటీమీటర్ల దగ్గర లాక్ చేస్తే కొంత మసక వస్తుంది, అంతే.

కాంటాక్ట్_షీట్
గుర్‌స్కీ సంగతి. మీరు చూసింది ఫోన్లో కదా? అసలు 'రైన్ 2' బొమ్మ దాదాపు 185 × 360 సెంటీమీటర్లు. ఇంకో జర్మన్ ఫొటోగ్రాఫర్ థామస్ రుఫ్ పెద్ద ముఖాల పోర్ట్రెయిట్లు 210 × 165. దయానితా సింగ్ 'సెంట్ ఎ లెటర్' పుస్తకాలేమో చేతిలో ఇమిడిపోతాయి. ఫోన్లో అన్నీ ఒకటే సైజు. సైజు తెలియకుండా రాసే స్పందన ఫోను మీద స్పందనే.

ఖర్చు లేని పని: క్లాసు గోడ మీద మాస్కింగ్ టేపుతో 185 × 360 చట్రం గీయండి. ప్రొజెక్టర్‌తో బొమ్మను అందులో నింపి మీటరున్నర దూరంలో నిలబడండి. పట్టీల చివరలు చూపుకు అందవు, తల తిప్పాలి. ఫోన్లో డిజైన్‌లా కనిపించింది అక్కడ నిజమైన చోటుగా మారిపోతుంది. ప్రొజెక్టర్‌లో వివరం పోతుందనుకోండి, అది కూడా రాసుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ జరిగేటప్పుడు కొలిచే టేపు పట్టుకుని వెళ్లండి. ప్రతి ప్రింట్ పక్కన పొడవు, వెడల్పు, నేల నుంచి ఎంత ఎత్తులో వేలాడదీశారు, మ్యాటా గ్లాసీనా, అద్దం ఉందా లేదా. ఇవన్నీ రాసుకుంటే ఇంటికొచ్చాక 'ఎందుకు అలా అనిపించింది' అన్నదానికి ఆధారం దొరుకుతుంది.

ఉప్పుగాలి
'రైన్ 2'లో అవతలి ఒడ్డున ఉన్న కట్టడాన్ని కంప్యూటర్‌లో తీసేశాడు గదా గుర్‌స్కీ. మరి దాన్ని నది ఫొటో అని ఎలా నమ్మేది? పోటీలకు ఇలా పంపితే మనల్ని బయటికి నెడతారు.

కాంటాక్ట్_షీట్
పోటీ రూల్సు వేరు, ఇది వేరు. న్యూస్ ఫొటో అయితే నేనూ ఒప్పుకోను. ఇక్కడ దాచిపెట్టింది ఏమీ లేదు, ఆయనే చెప్పాడు. అయినా మీ అభ్యంతరం అభ్యంతరమే. వెలుగునీడ గారూ, మీకూ అలాగే అనిపిస్తే అదే మీ స్పందన. మూసీ ఒడ్డునో గోదావరి గట్టునో ట్రైపాడ్ పెట్టి, దిగంతం ఫ్రేముకు సమాంతరంగా ఉండేలా ఒకటి తీయండి. కట్టడాలున్న ఫొటో, తీసేసిన ఫొటో పక్కపక్కన పెట్టి ఏది అబద్ధమో రాయండి. 18 దగ్గర తీయొద్దు, అంచుల్లో గీతలు వంగుతాయి. 35 నుంచి 50.

మడత_పుస్తకం
దయానితా సింగ్ మీద మాట రావట్లేదంటే మీరు ఫొటోలు చూస్తున్నారు, పుస్తకం చూడట్లేదు. ఆమె పనిలో ఫొటో ముడిసరుకు. 'సెంట్ ఎ లెటర్' (2008) ఒక గుడ్డ పెట్టెలో 7 చిన్న మడత పుస్తకాలు. 'మ్యూజియం భవన్' (2017) కూడా మడతలే. నిలబెట్టి విప్పితే బల్ల మీద ఎగ్జిబిషన్, మూస్తే జేబులో ఉత్తరం. ఏ మడతలు కలిపి తెరుస్తారో దాన్ని బట్టి పక్క పక్క ఫొటోలు మారతాయి. వరస ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న దగ్గర రాయడం మొదలుపెట్టండి.

మీరే ఒకటి చేయండి. ఏ3 షీటును పొడవునా రెండుగా కోస్తే 148 × 420 మి.మీ. పట్టీలు రెండు. ఒక్కో పట్టీలో 102 మి.మీ. వెడల్పున 4 పేజీలు, చివర 12 మి.మీ. అతుకు. రెండు పట్టీలు కలిపితే 8 పేజీలు. కాగితం 170–200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాట్. 250 దాటితే మడత దగ్గర పగులుతుంది. అతికించడానికి ఫెవికాల్ వద్దు, తడికి కాగితం అలలు తేలుతుంది. 6 మి.మీ. డబుల్ సైడ్ టేపు వాడండి.

లేజర్ ప్రింట్ అయితే మడత మీద టోనర్ పొరలు ఊడుతుంది. అందుకని మడతకు ఇటు 2, అటు 2 మి.మీ. తెల్లగా వదలండి. మడిచే ముందు స్కేలు పెట్టి రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో గాడి గీయండి. రెండో గీత మొదటి గీతకు అర మి.మీ. తప్పినా ఎనిమిదో పేజీకి వచ్చేసరికి పుస్తకం మెలి తిరుగుతుంది. కొలతలన్నీ ఒకే అంచు నుంచి తీసుకోండి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి కాదు.

పాతరోలు
దయానితాకు రంగు పని కూడా ఉంది, మర్చిపోవద్దు. 'బ్లూ బుక్'లో పగటి వెలుతురు ఫిల్మును పొద్దుగూకాక వాడారు, అందుకే మొత్తం నీలం. డిజిటల్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ నీలాన్ని చంపేస్తుంది. 5500 కెల్విన్ దగ్గర బిగించండి. మన దగ్గర సూర్యాస్తమయం తర్వాత సంధ్య 20–25 నిమిషాలే, ట్రైపాడ్ ముందే పెట్టుకుని ఉండాలి. 'డ్రీమ్ విల్లా' (2010) రాత్రుల రంగులు కావాలంటే కష్టమే. వీధుల్లో సోడియం దీపాల నారింజ పోయి తెల్ల ఎల్ఈడీలు వచ్చాయి. పాత ఫ్యాక్టరీ గోడలు, రైల్వే యార్డుల దగ్గర ఎక్కడైనా మిగిలుంటే తప్ప.

గళ్లతెర
గౌరీ గిల్ మాస్కులు: 'యాక్ట్స్ ఆఫ్ అప్పియరెన్స్', మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో. అక్కడ బొహడా పండుగకు దేవుళ్ల మాస్కులు కాగితపు గుజ్జుతో చేస్తారు. ఆమె ఆ మాస్కులనే తెచ్చి ఫొటో తీయలేదు. సుభాష్, భగవాన్ ధర్మా కడూ అన్నదమ్ములతో, వాళ్ల వాళ్లతో ఈ కాలపు మనుషులవి, జంతువులవి, వస్తువులవి కొత్తగా చేయించింది. వాటిని పెట్టుకుని ఊళ్లో వాళ్లే రోజూ చేసే పనులు చేశారు.

ఇక్కడ విద్యార్థులు పడే గుంట ఒకటే. చేర్యాల వెళ్లి రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసిన మాస్కు కొనుక్కొచ్చి, ఎవరి తలకో తగిలించి, అదే పద్ధతి అనుకుంటారు. అది పద్ధతికి సరిగ్గా ఎదురు. పద్ధతిలో చేయాలంటే ముందు చేసేవాళ్లను అడగాలి: మీరైతే ఇవాళ ఏం చేస్తారు? కొత్త మాస్కుకు కూలీ ముందే మాట్లాడుకోవాలి. గుజ్జు ఆరడానికి వానాకాలంలో చాలా రోజులు పడుతుంది, సబ్మిషన్ తేదీకి వెనక్కి లెక్కేసుకోండి. క్యాప్షన్‌లో చేసినవాళ్ల పేరు మీ పేరు సైజులోనే ఉండాలి, వాళ్లు ఒప్పుకుంటేనే. పద్దెనిమిది నిండని పిల్లలు ఫ్రేములో ఉంటే తల్లిదండ్రుల సంతకం తెలుగులో రాసిన కాగితం మీద తీసుకోండి. ప్రింట్లు తిరిగి ఇవ్వడం పనిలో భాగం.

అంత సమయం లేకపోతే ఆమెదే 'బాలికా మేళా' చూడండి. 2003లో రాజస్థాన్ లూణ్‌కరణ్‌సర్‌లో ఆడపిల్లల జాతరలో డేరా స్టూడియో పెట్టి, ఎలా నిలబడాలో, ఏం పట్టుకోవాలో వాళ్లకే వదిలేసింది. మీకు కావలసింది 3 × 3 మీటర్ల గుడ్డ, షామియానా నీడ, అంతే. మనిషి గుడ్డకు మీటరున్నర ముందుండాలి, లేదంటే ముడతలన్నీ ఫోకస్‌లోకి వస్తాయి. రంగు షామియానా కింద తీస్తే ముఖాలన్నీ ఆకుపచ్చో ఎరుపో అవుతాయి. తెల్ల గుడ్డ అడగండి.

వెలుగునీడ
చాలా దారి దొరికింది, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. గాడి గీసి మడిచినా కాగితం పగులుతోంది, 180 జీఎస్ఎమ్మే. ఇంకోటి, గుర్‌స్కీని చేయడానికి చోటు, ప్రొజెక్టర్ రెండూ కుదరవు. హాస్టల్ గదిలోనే చేయగలిగే ఆరో పేరు ఎవరైనా ఉన్నారా?

మడత_పుస్తకం
అది కాగితం గ్రెయిన్. నారలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశకు సమాంతరంగా మడిస్తేనే శుభ్రంగా మడతపడుతుంది. ఏ3 మామూలుగా పొడవాటి వైపు గ్రెయిన్‌తో వస్తుంది, మీ మడతలు దానికి అడ్డంగా పడుతున్నాయి. షీటును చేత్తో ఇటూ అటూ వంచి చూడండి, తేలిగ్గా వంగినప్పుడు ఆ వంపు గీతకు సమాంతరంగా ఉన్నదే గ్రెయిన్. ప్రెస్సు వాళ్లను షార్ట్ గ్రెయిన్ అడగండి. లేకపోతే పెద్ద షీటు తెచ్చి అడ్డంగా ఏ3 కోయించుకోండి.

స్టాప్‌డౌన్
గదిలో చేయాలంటే అబెలార్డో మొరెల్. 1991 నుంచి గదుల్నే కెమెరా అబ్‌స్క్యూరా (చిన్న రంధ్రం గుండా బయటి దృశ్యం లోపలి గోడ మీద పడే చీకటి గది) చేసి, గోడ మీద పడ్డ బయటి దృశ్యాన్ని పెద్ద కెమెరాతో గంటల తరబడి ఎక్స్‌పోజ్ చేశాడు. నల్ల ప్లాస్టిక్‌తో కిటికీ మూసి, అందులో 3/8 అంగుళం, అంటే సుమారు 1 సెంటీమీటరు రంధ్రం.

నల్ల పాలిథిన్ రెండు పొరలు వేయండి, ఒక పొరలోంచి వెలుగు జారుతుంది. అంచులకు నల్ల టేపు. తలుపు కింద సందు, పైన వెంటిలేటర్, స్విచ్‌బోర్డు ఇండికేటర్, రౌటర్ దీపం, అన్నీ మూయాలి. రంధ్రాన్ని పాలిథిన్‌లో పొడవకండి, అంచు చిరుగుతుంది. డ్రింక్ క్యాన్ రేకులో గుండ్రంగా చేసి టేపుతో అతికించండి.

తూర్పు కిటికీ అయితే సాయంత్రం, పడమటి కిటికీ అయితే ఉదయం. ఎదుటి భవనం మీద ఎండ పడాలి, మీ కిటికీ మీద కాదు. గోడ 3 మీటర్ల దూరంలో తెల్లగా ఉంటే ఐఎస్ఓ 800, ఎఫ్/5.6లో 60 సెకన్లతో మొదలుపెట్టండి. బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది), రిమోట్. ఫోకస్ మాన్యువల్‌గా, గోడ మీద టార్చి వేసి.

ఉప్పుగాలి
బొమ్మ మసగ్గా ఉంటే కళ్లజోడు షాపులో +0.50 పవర్ కోయని లెన్స్ అడగండి. దాని ఫోకల్ దూరం 2 మీటర్లు. రంధ్రాన్ని 2 సెంటీమీటర్లకు పెంచి లెన్స్ అతికించి, 2 మీటర్ల దగ్గర తెల్ల దుప్పటి కట్టండి. వెలుగూ పెరుగుతుంది, గీతా తేరుకుంటుంది. కానీ ఆ 2 మీటర్ల దగ్గరే, ముందూ వెనకా మళ్లీ మసకే.

వెలుగునీడ
గదిలోకి వెళ్తే ఏమీ కనిపించలేదు, వట్టి చీకటి. రంధ్రం చిన్నదైందా?

స్టాప్‌డౌన్
రంధ్రం ముట్టుకోకండి. తలుపు మూసి పది నిమిషాలు కూర్చోండి, ఫోన్ చూడకుండా. కన్ను అలవాటు పడేదాకా బొమ్మ కనిపించదు. కనిపించాక బయటి వీధి తలకిందులుగా, కుడి ఎడమలు మారి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తిప్పితే మంచం, బీరువా తలకిందులవుతాయి. మొరెల్ మొదట్లో బయటి లోకాన్నే తలకిందులుగా వదిలేశాడు, తర్వాత పట్టకం పెట్టి నిటారుగా కూడా తీశాడు. మీరు ఏది నిటారుగా ఉంచాలనుకున్నారో తేల్చుకుని, కారణం పేజీ మొదట్లోనే రాయండి.